విదేశాల్లో ఉన్నవారికి ఓటు ఉంది, ఓటరు కార్డు లేదు: ఎందుకిలా?

ఎన్నికల తేదీలు దగ్గర పడ్డప్పుడల్లా డాలస్ నుంచి దుబాయ్ దాకా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంది: ఇక్కడి నుంచి ఓటరు కార్డుకు అప్లై చేయవచ్చా? ఎంబసీలో ఇస్తారని ఒకరు చెబుతారు. ఆన్‌లైన్‌లో పెడితే కార్డు ఇంటికే వస్తుందని మరొకరు అంటారు. ఎన్నారైలకు అసలు ఓటే లేదని ఇంకొకరు తేల్చేస్తారు. ఈ మూడూ తప్పే.

క్లుప్తంగా చెప్పాలంటే: భారత పౌరసత్వం వదులుకోకుండా విదేశంలో ఉంటున్న వ్యక్తి ఫారం 6ఏ ద్వారా సొంత ఊరి ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. దరఖాస్తు విదేశం నుంచే పెట్టవచ్చు. అలా చేరినవారికి ఓటరు గుర్తింపు కార్డు మాత్రం ఇవ్వరు. ఓటు వేయాలంటే ఆ రోజు స్వయంగా వచ్చి, సొంత పోలింగ్ కేంద్రంలో ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి. పోస్టల్ బ్యాలెట్, ఆన్‌లైన్ ఓటు, మరొకరి చేత వేయించే ఓటు వీరికి ఇంకా లేవు.

కార్డు వేరు, ఓటు వేరు

గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. మన మాటల్లో ‘ఓటరు కార్డు ఉంది’ అంటే ‘ఓటు ఉంది’ అనే అర్థం స్థిరపడిపోయింది. చట్టం దృష్టిలో ఓటు హక్కును ఇచ్చేది జాబితాలోని పేరు. కార్డు ఆ పేరు ఎవరిదో నిరూపించే కాగితం మాత్రమే. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. అంతకుముందు నాలుగు దశాబ్దాల పాటు కార్డు లేకుండానే దేశం ఓటు వేసింది. ఇప్పటికీ చేతిలో కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. పేరు ఉండి కార్డు పోగొట్టుకున్న స్థానిక ఓటరు మాత్రం ఆధార్ వంటి వేరే గుర్తింపు చూపించి వేయవచ్చు.

ఇలా విదేశంలో ఉంటూ నమోదైన భారతీయుల, అంటే ‘విదేశీ ఓటర్ల’ విషయంలో ఎన్నికల సంఘం ఈ తేడాను చివరిదాకా పాటించింది. పాస్‌పోర్ట్ కంటే బలమైన గుర్తింపు పత్రం ఇంకొకటి లేదు కాబట్టి వేరే కార్డు అక్కర్లేదన్నది ఇందులోని తర్కం. పైగా ఫారం 6ఏ పెట్టేవారి దగ్గర పాత ఓటరు కార్డు ఉంటే దాన్ని తిరిగి అప్పగించాలి కూడా. కార్డు కోసం దరఖాస్తు చేద్దామని మొదలుపెట్టిన మనిషి ఉన్న కార్డు ఇచ్చేయాల్సి రావడం చూసి తెల్లబోతాడు. నిబంధన ఉద్దేశం తెలిస్తే అందులో వింత లేదు. ఒకే వ్యక్తి స్థానిక ఓటరుగా ఒకచోట, విదేశీ ఓటరుగా ఇంకోచోట ఉండకుండా చూడటమే దాని పని.

2011 దాకా దారి ఎందుకు లేదు

భారత ఎన్నికల చట్టం ఓటును మనిషితో పాటు చోటుతోనూ ముడిపెట్టింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఓటరుగా చేరాలంటే 18 ఏళ్లు నిండటంతో పాటు ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. ఇల్లు ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి కారు. అక్కడ మామూలుగా బతుకుతూ ఉండాలి. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్తే ఆ హోదా పోదని అదే చట్టం చెబుతుంది. అయితే తాత్కాలికం అంటే ఎన్ని నెలలు, ఎన్నేళ్లు అన్న లెక్క ఎక్కడా లేదు. కువైట్‌లో 15 ఏళ్లుగా పనిచేస్తూ రెండేళ్లకోసారి కడపకు వచ్చే మనిషి తాత్కాలికంగా వెళ్లినట్టా, శాశ్వతంగా వెళ్లినట్టా? ఒక్కో అధికారి ఒక్కోలా చూసేవారు. ఇంటింటి సర్వే చేసినప్పుడు ‘ఇక్కడ ఉండటం లేదు’ అని పేరు కొట్టేస్తే అడిగేవాళ్లూ ఉండేవారు కాదు.

2006లో ఒక బిల్లు వచ్చి ముందుకు సాగలేదు. చివరకు 2010 సవరణ ద్వారా 20ఏ అనే కొత్త సెక్షన్ చేరి, 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అది మూడు షరతులు పెట్టింది. భారత పౌరుడై ఉండాలి, మరే దేశ పౌరసత్వమూ తీసుకొని ఉండకూడదు, ఉద్యోగం కోసమో చదువు కోసమో ఇంకే కారణంతోనో దేశం బయట ఉంటూ ఉండాలి. అలాంటివారు పాస్‌పోర్ట్‌లో రాసి ఉన్న భారత చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడ పేరు చేర్పించుకోవచ్చు. ఎన్నేళ్లుగా బయట ఉన్నారన్నదానితో పని లేదు. సాధారణ నివాసం అన్న షరతు స్థానంలో పాస్‌పోర్ట్ చిరునామా వచ్చింది. ఈ ఒక్క మార్పులోనే మొత్తం వ్యవస్థ బలమూ ఉంది, బలహీనతా ఉంది.

ఎవరు అర్హులు అన్న దగ్గర రెండు మాటలు చాలు. గ్రీన్‌కార్డు వచ్చినా, గల్ఫ్‌లో రెసిడెన్సీ ఉన్నా పౌరసత్వం మారదు కాబట్టి అర్హతకు అడ్డు లేదు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్న క్షణం నుంచి భారత పౌరసత్వం ఉండదు, ఓటూ ఉండదు. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉన్నా అది వీసాకు బదులు పనికొచ్చే పత్రమే. ఓటరుగా నమోదయ్యే హక్కు దానికి లేదని పౌరసత్వ చట్టమే చెబుతోంది.

ఫారం 6ఏ ఏ దారిన వెళ్తుంది

ఫారాన్ని ఎన్నికల సంఘం ఓటర్ల సేవల పోర్టల్‌లోనో, యాప్‌లోనో నింపవచ్చు. కాగితం మీద నింపి పోస్టులో పంపవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు స్వయంగానూ ఇవ్వవచ్చు. పాస్‌పోర్ట్ సైజు కలర్ ఫొటో, పాస్‌పోర్ట్‌లో ఫొటో, వివరాలు, భారత చిరునామా ఉన్న పేజీలు, చెల్లుబాటులో ఉన్న వీసా పేజీ కావాలి. కాపీల మీద సొంత సంతకం చాలు. ఖాళీ ఫారాలు భారత ఎంబసీల్లో ఉచితంగా దొరుకుతాయి. ‘ఎంబసీలో ఓటరు కార్డు ఇస్తారు’ అన్న మాట బహుశా ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. పేరు చేర్చే అధికారం మాత్రం ఎంబసీకి లేదు. అది సొంత నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారిది, అంటే ఈఆర్ఓది.

దరఖాస్తు అందాక ఈఆర్ఓ దాన్ని అభ్యంతరాల కోసం 7 రోజులు నోటీసు బోర్డులో ఉంచుతారు. ఈలోపు బూత్ లెవల్ అధికారి, మనం బీఎల్ఓ అనే మనిషి, పాస్‌పోర్ట్‌లో ఉన్న అడ్రస్‌కు వెళ్తారు. తలుపు తీసేది సాధారణంగా అమ్మో నాన్నో. ‘మా అబ్బాయే, ఈ ఇంటివాడే’ అని వాళ్లు రాసిస్తే పని సులువుగా అయిపోతుంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా, రాసివ్వడానికి ఇష్టపడకపోయినా కాగితాలు ఆ దేశంలోని భారత ఎంబసీకి పరిశీలన కోసం వెళ్తాయి. అప్పుడు నెలలు పట్టవచ్చు. నిర్ణయాన్ని విదేశీ చిరునామాకు తెలియజేయాలి. పేరు చేరితే ఆ పోలింగ్ కేంద్రం జాబితా చివర విదేశీ ఓటర్ల విభాగంలో కనిపిస్తుంది. తిరస్కరిస్తే జిల్లా స్థాయిలో ఒక అప్పీలు, ఆపైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గర ఇంకో అప్పీలు చేసుకోవచ్చు.

రాతలో తేలిగ్గా కనిపించే ఈ దారిలో ఎక్కువమంది ఆగిపోయేది చిరునామా దగ్గర. తెలుగు కుటుంబాల్లో గత 30 ఏళ్లలో ఇల్లు మారని కుటుంబం తక్కువ. పిల్లవాడు ఇంజినీరింగ్ చదువుతుండగా తీసుకున్న పాస్‌పోర్ట్‌లో గుంటూరు అద్దె ఇంటి నంబరు ఉంటుంది. అతను అమెరికా వెళ్లాక తల్లిదండ్రులు హైదరాబాద్‌కు మారిపోతారు. గుంటూరు ఇంటికి వెళ్లిన బీఎల్ఓకు ఆ పేరే తెలియని కొత్త కుటుంబం ఎదురవుతుంది. చట్టం ప్రకారం అతని నియోజకవర్గం మాత్రం పాస్‌పోర్ట్ చెప్పినదే. పాస్‌పోర్ట్‌ను విదేశంలో రెన్యువల్ చేయించుకున్నప్పుడు చివరి పేజీలో అక్కడి అడ్రస్సే ముద్రించి ఉంటే చిక్కు ఇంకా పెద్దది. ‘పాస్‌పోర్ట్‌లో పేర్కొన్న భారత నివాసం’ అన్న చట్టం మాటకు ఆధారమే లేకుండా పోతుంది. ఓటు ఆలోచన ఉన్నవారు రెన్యువల్ సమయంలోనే భారత చిరునామా సంగతి చూసుకోవడం మేలు. తర్వాత దిద్దించుకోవడం ఖర్చుతో, టెన్షన్‌తో కూడిన పని.

రెండో అడ్డంకి పేరు. మన జాబితాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. పాస్‌పోర్ట్‌లో అది పూర్తిగా విడమరిచి, ఒక్కోసారి అసలు పేరు తర్వాత వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన స్త్రీకి మూడు పత్రాల్లో మూడు రూపాలు ఉండటం మామూలు. కంప్యూటర్‌కు ఈ మూడూ ముగ్గురు మనుషులు. ఫారం 6ఏలో పేరును పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. బూత్‌లో అధికారి పోల్చి చూసేది దానితోనే.

పాత ఓటు ఊళ్లోనే ఉంటే

బయటి దేశాల్లో ఉంటున్న తెలుగువారిలో చాలామంది ఫారం 6ఏ జోలికే వెళ్లరు. వెళ్లకముందు ఊళ్లో ఉన్న ఓటు, కార్డు అలాగే ఉంటాయి. ఎన్నికల సమయానికి వస్తే ఆ కార్డుతోనే వేస్తారు. రెండేళ్ల ప్రాజెక్టు మీద వెళ్లినవారిని తాత్కాలికంగా వెళ్లినట్టే అనుకోవచ్చు. ఏళ్ల తరబడి అక్కడే స్థిరపడినవారు స్థానిక ఓటరుగా కొనసాగడం మాత్రం చట్టం ఉద్దేశానికి సరిపోదు. ఒక ఓటు ఉండగానే ఇంకోచోట నమోదు చేసుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. నమోదు పత్రంలో తెలిసి తప్పు చెబితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నాక కూడా పాత కార్డుతో ఓటు వేయడం ఇంకా తీవ్రమైన విషయం. పౌరసత్వం మారగానే పేరు తీసేయమని ఫారం 7 పెట్టాలి. ఆ విషయం గుర్తుచేసే వ్యవస్థ ఏదీ లేదు కాబట్టి బాధ్యత మొత్తం ఆ వ్యక్తి మీదే ఉంటుంది.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. తిరిగి వచ్చేసి ఇక్కడే ఉండిపోయినవారు ఈఆర్ఓకు ఆ సంగతి తెలిపి, ఫారం 6 ద్వారా మామూలు ఓటరుగా చేరాలి. కార్డు వచ్చేది అప్పుడే. విదేశంలో ఉండగా రాని కార్డు స్వదేశం రాగానే వస్తుందన్నమాట.

జాబితా నుంచి బూత్ దాకా

నమోదు అయ్యాక మిగిలేది ప్రయాణం. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద 1,19,374 మంది విదేశీ ఓటర్లు నమోదయ్యారు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు కోటికి పైనే ఉన్నప్పుడు ఇది ఎంత చిన్న సంఖ్యో చెప్పనక్కర్లేదు. వారిలో ఓటు వేసినవారు 2,958 మంది. నమోదైనవారిలో 89,839 మంది, ఓటు వేసినవారిలో 2,670 మంది ఒక్క కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే బూత్ దాకా వచ్చినవారు 195 మంది. అంటే నూటికి ఇద్దరు ముగ్గురు. 2019లో దేశవ్యాప్తంగా 25 వేలకు పైగా విదేశీ ఓటర్లు ఓటు వేశారు, వారిలోనూ దాదాపు అందరూ కేరళవారే.

ఈ అంకెలను చూసి ప్రవాసులకు ఆసక్తి లేదనుకోవడం తొందరపాటు అవుతుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్‌కు విదేశాల నుంచి వచ్చినవారు ఊరూరా కనిపించారు. వారిలో చాలామంది పాత కార్డులతో స్థానిక ఓటర్లుగా వేసి ఉంటారు కాబట్టి ఈ లెక్కలోకి రారు. ఇక కేరళ విషయంలో తేడా ఆసక్తిలో కంటే దూరంలోనూ, సంఘటితంగా ఉండటంలోనూ ఉంది. గల్ఫ్ నుంచి కోళికోడ్‌కు నాలుగైదు గంటల విమానం. అక్కడి ప్రవాస సంఘాలు పార్టీలతో నేరుగా ముడిపడి ఉన్నాయి. అవి నమోదు దగ్గర నుంచి టికెట్ల దాకా చూస్తాయి.

అదే గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల కూలీకి పరిస్థితి వేరు. సెలవు యజమాని ఇచ్చినప్పుడే దొరుకుతుంది, ఎన్నికల షెడ్యూలు చూసి ఇవ్వడు. పాస్‌పోర్ట్‌ను యజమానే దగ్గర పెట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. చట్టాలు కాదన్నా అది పూర్తిగా పోలేదు. దరఖాస్తుకు పాస్‌పోర్ట్ పేజీలు కావాలి, ఓటుకు ఒరిజినల్ కావాలి. ఒక్క ఓటు కోసం రానూపోనూ టికెట్ అంటే నెల జీతం పోయినట్టే. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే గోదావరి జిల్లాల, కడప ప్రాంతపు స్త్రీలకు ఆ సెలవు ఇంకా కష్టం. చట్టం అందరికీ ఒకే తలుపు తెరిచింది. ఆ తలుపు దాకా రావడానికి అయ్యే ఖర్చు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఒకలా, కూలీకి ఇంకోలా ఉంటుంది. ఇది ఈ విధానంలో ఉన్న నిజమైన అన్యాయం. కార్డు లేకపోవడం దీని ముందు చిన్న సంగతి.

దూరం నుంచి ఓటు ఎందుకు రాలేదు

సైన్యంలో ఉన్నవారికి, ఎంబసీల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులకు పోస్టల్ ఓటు ఎప్పటినుంచో ఉంది. 2016 నుంచి వారికి బ్యాలెట్ పత్రం ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందుతోంది. దాన్ని ప్రింట్ తీసి, గుర్తు పెట్టి, పోస్టులో తిప్పి పంపుతారు. రియాద్ ఎంబసీ గుమాస్తాకు ఉన్న ఈ సదుపాయం అదే ఊళ్లో ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నతోనే ప్రవాసులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నికల సంఘం 2014లో కమిటీ వేసి, ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్, ప్రతినిధి ద్వారా ఓటు అనే రెండు మార్గాలనూ సిఫారసు చేసింది. కేంద్రం ప్రతినిధి ఓటును ఎంచుకుని బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించినా, రాజ్యసభ గడప దాటకముందే 2019లో ఆ లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం మళ్లీ న్యాయశాఖకు రాసి, ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను ప్రవాసులకూ ఇవ్వడానికి తాను సిద్ధమని తెలిపింది.

ఆగడానికి కారణాలు లేకపోలేదు. ప్రతినిధి చేత ఓటు వేయిస్తే, తాను చెప్పినవారికే వేశాడో లేదో అసలు ఓటరుకు తెలిసే దారి లేదు. రహస్య ఓటు అన్న సూత్రం అక్కడ దెబ్బతింటుంది. లేబర్ క్యాంపులో పదిమంది మధ్య నింపే పోస్టల్ బ్యాలెట్ మీద మేస్త్రీ ఒత్తిడి ఉండదన్న హామీ లేదు. ఎంబసీల్లోనే పోలింగ్ పెడదామంటే, లక్షల మంది ఉన్న దేశంలో వందల నియోజకవర్గాల బ్యాలెట్లు ఒకేచోట నిర్వహించాలి. దానికి ఆ దేశ ప్రభుత్వం అనుమతి కూడా కావాలి. సొంత పౌరులకే ఎన్నికలు లేని దేశాలు అందుకు ఒప్పుకుంటాయా అన్నది మరో ప్రశ్న.

ఇతర దేశాలు ఏం చేశాయి

కార్డు, ఓటు రెండింటినీ విదేశంలోనే ఇచ్చిన దేశం మెక్సికో. 2016 నుంచి అక్కడి ఎన్నికల సంస్థ తన కాన్సులేట్ల ద్వారా ఓటరు గుర్తింపు కార్డుకు దరఖాస్తులు తీసుకుంటోంది. అమెరికాలో ఉన్న మెక్సికన్ కాన్సులేట్‌కు వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇస్తే కార్డు ఇంటికి వస్తుంది. మెక్సికోలో ఆ కార్డే ప్రధాన గుర్తింపు పత్రం కాబట్టి దానికి గిరాకీ సహజంగానే ఉంది. ఫిలిప్పీన్స్ 2003లో చట్టం చేసి, గల్ఫ్‌లోని తన కార్మికులను ఎంబసీల్లోనే నమోదు చేసుకుని, అక్కడే ఓటు వేయిస్తూ వచ్చింది. భారతీయ కార్మికులు ఉన్న అవే నగరాల్లో ఇది సాధ్యమైంది కాబట్టి, ఆతిథ్య దేశాలు ఒప్పుకోవన్న వాదన పూర్తిగా నిలవదు. బ్రిటన్ 15 ఏళ్లకు మించి బయట ఉంటే ఓటు పోతుందన్న నిబంధనను 2024 జనవరిలో ఎత్తేసింది. అక్కడ ప్రవాసులు పోస్టులోనో ప్రతినిధి ద్వారానో వేస్తారు.

భారత్ 2024కు ముందున్న బ్రిటన్‌కు నేరుగా ఎదురు పద్ధతిలో ఉంది. నమోదుకు కాలపరిమితి పెట్టలేదు, వేయడానికి సౌకర్యం ఇవ్వలేదు.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యం

2025 జూన్‌లో బిహార్‌తో మొదలైన ఓటర్ల జాబితాల ప్రత్యేక ముమ్మర సవరణ, అంటే ఎస్ఐఆర్, పాత ఓటుతో నెట్టుకొస్తున్న ప్రవాసుల పరిస్థితిని మార్చింది. బిహార్ ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చనిపోయినవారు, రెండుచోట్ల ఉన్నవారితో పాటు, శాశ్వతంగా వెళ్లిపోయారనో కనబడలేదనో తీసేసిన పేర్లు వాటిలో ఎక్కువ. ఆ ఏడాది అక్టోబరులో ప్రకటించిన రెండో విడతలో కేరళ, తమిళనాడుతో పాటు యానాం ఉన్న పుదుచ్చేరి కూడా చేరింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఈ తొలి రెండు విడతల్లో లేవు.

ఇంటింటికీ వెళ్లి సరిచూసే ఇలాంటి సవరణలో, ఏళ్లుగా ఊళ్లో లేని మనిషి పేరు స్థానిక జాబితాలో నిలవడం కష్టం. పేరు పోతే ఫారం 6ఏ ఒక్కటే దారి. అది పెట్టకపోతే అతను స్థానిక ఓటరూ కాదు, విదేశీ ఓటరూ కాదు. ఏ జాబితాలో లేనివారికి రేపు పోస్టల్ ఓటు వచ్చినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ బ్యాలెట్ వెళ్లేది జాబితాలో ఉన్నవారికే. ఇప్పుడు ఓటు వేయడానికి రాలేనివారు కూడా నమోదు గురించి ఆలోచించాల్సింది ఈ కారణంగానే.

18 ఏళ్లు నిండిన లెక్కకు ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. నామినేషన్ల చివరి రోజు దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేరదు, అంతకుముందు మాత్రం ఏడాదిలో ఎప్పుడైనా ఫారం 6ఏ పెట్టవచ్చు. ఎన్నికల హడావుడి లేని నెలల్లో పెడితే బీఎల్ఓకు ఇల్లు వెతికే సమయం ఉంటుంది, చిరునామాలోనో పేరులోనో తేడా వస్తే దిద్దుకునే సమయం దరఖాస్తుదారుకూ ఉంటుంది. షెడ్యూలు వచ్చాక పెట్టిన దరఖాస్తుకు ఈ రెండూ దొరకవు.